‘డ’ కోసం కీబోర్డే మార్చేశా
కొన్ని నెలలుగా కుడి చిటికెన వేలు ఒకటే నొప్పి, రోజంతా ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల కోసం ఉన్న ప్రామాణిక కీల అమరిక) తెలుగు టైప్ చేస్తా కదా, గమనిస్తే అసలు కారణం డ. వాడు, చూడు, ఉండు, అక్కడ, ఎప్పుడు... మనకి ఎక్కడ చూసినా అదే, కానీ దాని చోటేమో పి పక్కన బ్రాకెట్ కీ మీద, ప్రతిసారీ వేలు సాగాల్సిందే. ఎత్వం జెడ్ కీ మీద, ఒత్వం ఇంకా దూరం, 1 కి ఎడమ పక్కన మూలలో. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక అన్నారు సరే, హిందీకి ఈ హ్రస్వాలతో పెద్దగా పనిలేదు, మనకి మాత్రం అడుగడుగునా కావాలి.

అందుకే 42 కీల స్ప్లిట్ కీబోర్డ్ (రెండు చేతులకీ రెండు ముక్కలుగా ఉండేది) కొని, ఏ కీ ఏం చేయాలో మనమే మార్చుకోనిచ్చే క్యూఎంకే అనే సాఫ్ట్‌వేర్‌తో నా లేఅవుట్ నేనే రాసుకున్నా. ఇన్‌స్క్రిప్ట్‌లో హల్లులు చాలావరకు కుడిచేతికి, గుణింతాలు ఎడమచేతికి అన్న పద్ధతి చాలా గొప్పది, దాన్ని ముట్టుకోలేదు. డ ని, చిటికెన వేలి కిందే ఉండే చ ని ఒకదాని చోట ఒకటి పెట్టా. పొల్లు బొటనవేలికిచ్చా, ఒత్తు పడాలంటే అదే కదా ఆధారం, అలా ఖాళీ అయిన మధ్యవేలి కీ మీదకి ఎత్వం వచ్చేసింది.

మొదటి రెండు వారాలు ఏడుపొచ్చింది, చ కొట్టబోతే డ పడేది. నిన్న రాత్రి ఒక పేజీ మొత్తం కిందకి చూడకుండా కొట్టా, వేలు నొప్పి లేదు, ఎంత హాయిగా ఉందో!