అన్నారం షరీఫ్ దారిల "అల్లా చేయి" ముచ్చట

మొన్న శుక్రవారం మా దోస్తుతోని అన్నారం షరీఫ్ పోయినం. పర్వతగిరి మండలంల యాకూబ్ షావలి దర్గా, మా ఓరుగల్లు దిక్కు హిందువుల ఇండ్లల్ల గూడ యాకయ్య, యాకమ్మ అని పేర్లు పెడ్తరంటే ఈడి మొక్కుల వల్లనే. దోస్తు వాళ్లింట్ల గూడ కందూరు (దర్గా కాడ మేకను కోసి పెట్టే విందు) మొక్కు బాకీ ఉండె.

బస్సుల మా దోస్తు అడిగిండు, అన్నా మీ దేవునికి రూపం లేదంటరు గదా మరి ఖురాన్ల అల్లా చేయి, అల్లా ముఖం అని ఎందుకున్నది అని. నేను ఫతహ్ సూరా (అధ్యాయం) 10వ ఆయత్ (వాక్యం) చెప్పిన. 628ల మక్కా దగ్గర హుదైబియాల చెట్టు కింద దాదాపు 1400 మంది సహాబాలు (ప్రవక్త ముహమ్మద్ సహచరులు) ఆయన చేతిల చేయి పెట్టి మాటిచ్చిండ్రు, వాళ్ల చేతుల మీద అల్లా చేయి ఉన్నదంటది ఆ ఆయత్. వాడు వెంటనే, ఊరు సర్పంచ్ చేతుల ఉన్నదంటం గదా అట్లనా అన్నడు. ముతజిలాలు, తర్వాత అష్అరీలల్ల (ఇవి ఇస్లాంల పాత తత్వ వర్గాలు) చానమంది గట్లనే చెప్పిండ్రు, చేయి అంటే శక్తి, సాయం అని. మన అసొంటి చేయే అనుకుంటె మాత్రం షూరా సూరా 11వ ఆయత్ ముందల నిలవదు, ఆయన లెక్క ఏదీ లేదని సాఫ్‌గ ఉన్నది.

నా దిల్ మాత్రం పాతకాలపు పెద్ద ఆలిం (మత పండితుడు) ఇమాం మాలిక్ దిక్కే. ఒకాయన వచ్చి, రహ్మాన్ (అల్లా) అర్ష్ (సింహాసనం) మీద ఇస్తివా అయిండని (నెలకొన్నడని) ఖురాన్ల ఉన్నది గదా, ఎట్ల అని అడిగితే ఆయన తల దించుకున్నడట, చెమటలు పట్టినయట, ఇగ అప్పుడు ఇస్తివా తెలిసిందే, ఎట్లనో బుద్ధికి అందది, నమ్ముడు ఫర్జ్ (విధి), అడుగుడు బిద్అత్ (మతంల లేని కొత్త పోకడ) అన్నడు. గంత పెద్ద ఆలిం, దేవుని గురించి నోరు తెరిచే ముందు చెమటలు పట్టినయి, నాకు ఆ జవాబు కన్న ఆ చెమటలే ఎక్కువ చెప్తయి. మా దోస్తు అడిగింది వేరే, తెలుసుకుందామని అడిగిండు, దాంట్ల తప్పేం లేదు.

దర్గాల మస్తు రష్, ఫాతిహా ప్రార్థన చదివి బయట చెట్టు కింద కూసున్నం. అప్పుడు చెప్పిన వానికి, చేయి అంటే ఉత్త శక్తి అని తీసేస్తే హుదైబియాల వాళ్లకు దొరికిన ఆ దగ్గరితనం పోతది, అందుకే ఆ మాటను అట్లనే ఉండనియ్యాలె, ఎట్ల అని బొమ్మ గీసుకోవద్దు అని.

వాడు ఊకోలే, మరి ఆయతుల్ కుర్సీ అనే ఆయత్ల అల్లా కుర్సీ (పీఠం) సంగతేంది అన్నడు. దానికి సహాబా అయిన ఇబ్న్ అబ్బాస్ నుంచే కుర్సీ అంటే జ్ఞానం అని ఒక రివాయత్ (ఉల్లేఖనం) తబరీ తఫ్సీర్ల (ఖురాన్ వ్యాఖ్యానంల) ఉన్నది, నేను చెప్పిన దానికి అడ్డమే అది, అయినా దాయకుండ చెప్పిన.