మంత్రానికి వెల, ప్రేమకు వెల

మాయలూ మంత్రాలూ ఉన్న నవల చేతికొస్తే ఇప్పుడు నేను మొదట వెతికేది ఒక్కటే. ఇందులో మంత్రం వేసినవాళ్లకి ఏం పోతుంది? ప్రేమ నవలైతే, ఈ మనిషిని కోరుకున్నందుకు ఈ అమ్మాయి ఏం వదులుకోవాల్సి వస్తుంది? ఈ రెండింటికీ జవాబున్న పుస్తకం ఎంత లావుగా ఉన్నా పూర్తిచేస్తున్నాను. జవాబు లేనిది ఎంత పేరున్నదైనా సగంలో పక్కకి వెళ్లిపోతోంది. కొన్నాళ్లుగా ఫాంటసీలు, ప్రేమకథలు, రెండూ కలిపి వస్తున్న రొమాంటసీలు వరసపెట్టి చదువుతుంటే ఈ కొలత మెల్లగా ఏర్పడింది. ఏ పుస్తకం దగ్గర ఏమనిపించిందో దాచుకోకుండా చెబుతాను.

మా తరానికి ఫాంటసీ అంటే చందమామ సీరియల్. దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ'... బైండు చేయించిన పాత సంచికల్లో చిత్రా బొమ్మలు చూస్తూ పెరిగాం. వాటిలో సాహసం ఉంది, భయం ఉంది. ప్రేమ మాత్రం కథ అయిపోయాక జరిగే పెళ్లి. ప్రేమ కావాలంటే యద్దనపూడి సులోచనారాణి గారి దగ్గరికి వెళ్లాలి. అందుకే నా బుర్రలో ఈ రెండూ ఎప్పుడూ వేరువేరు అలమరాల్లోనే ఉండేవి. వాటిని కలిపింది మా అన్నయ్య కూతురు. డాలస్‌లో చదువుకుంటోంది. "అత్తా, మా క్లాసులో అందరి చేతుల్లో ఇదే. నువ్వూ చదువు, ఆదివారం మాట్లాడుకుందాం" అని 'ఫోర్త్ వింగ్' చెప్పింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోన్‌లో మా ఇద్దరి మధ్యా పుస్తకాల పంచాయితీ నడుస్తోంది.

ఇంగ్లీషు ఫాంటసీల్లో మొదటి యాభై పేజీలే కష్టం. ఊరి పేరేదో మనిషి పేరేదో తెలియదు. దేశాలు, వంశాలు, సైన్యాలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. నాకు పనికొచ్చిన పద్ధతి ఏమిటంటే, అట్ట లోపలి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో పేర్లు రాసుకోవడం, ఎవరు ఎవరికి ఏమవుతారో గీత గీసి పెట్టుకోవడం. మ్యాపు ఉంటే ఫోన్‌తో ఫొటో తీసుకుంటాను, మాటిమాటికీ వెనక్కి తిప్పే పని తప్పుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అర్థంకాని పేరు దగ్గర ఆగకుండా ముందుకి వెళ్లిపోవడం. మంచి రచయిత అయితే ఆ పేరుని సరైన చోట మళ్లీ తెస్తుంది. కొత్తవి అన్నీ కొనలేను కాబట్టి కొన్ని కిండిల్‌లో చదివాను, కొన్ని ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికి తెచ్చుకున్నాను. వెనక పేర్లు రాసుకోవడానికి కాగితం పుస్తకమే మేలు.

రెబెక్కా యారోస్ 'ఫోర్త్ వింగ్' 2023లో వచ్చింది. వయొలెట్ పుస్తకాల మధ్య లేఖకురాలిగా బతకాలనుకున్న అమ్మాయి. సేనాధిపతి అయిన తల్లి ఆమెని డ్రాగన్ రౌతుల కాలేజీలోకి తోస్తుంది. మొదటి రోజే ఇరుకైన రాతి వంతెన దాటాలి, జారితే చావే. వయొలెట్‌కి కీళ్లు ఊరికే తొలిగిపోతాయి, ఎముకలు సులువుగా విరుగుతాయి. ఆ బలహీనతని రచయిత్రి ఎక్కడా మాయ చేసి తీసెయ్యలేదు. దెబ్బ తగిలితే కట్టు కట్టుకునే తర్వాతి అధ్యాయంలోకి వస్తుంది. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. చదివించే వేగం కూడా గట్టిది. రాత్రి పొద్దుపోయేదాకా పట్టుకుని కూర్చున్నాను.

ప్రేమ దగ్గరికి వచ్చేసరికి నాకు పేచీ ఉంది. వయొలెట్ ప్రేమించే జేడెన్ కూడా ఆ కాలేజీ రౌతే. అతని తండ్రి తిరుగుబాటు నాయకుడు, ఆయన మరణశిక్ష వెనక ఉన్నది వయొలెట్ తల్లి. ఇంత మంచి పగ చేతిలో ఉంది. దాన్ని వాళ్లిద్దరూ తమంతట తాము దాటుకుని వస్తే ఎంత బాగుండేది! కానీ ఈమె డ్రాగన్ టెయర్న్, అతని డ్రాగన్ జతవి. ఆ జత ఎక్కువ కాలం దూరంగా ఉండలేదు కాబట్టి వాటి రౌతులూ దూరంగా ఉండలేరు. ఉపాయం తెలివైనదే, దానికి బరువైన వెల కూడా ఉంది. అయితే ఆ వెల వాళ్లు ఎంచుకున్నది కాదు. రచయిత్రి ఇద్దరినీ ఒకే గాటికి కట్టేసి, ఇక ప్రేమించుకోండి అన్నట్టయింది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "బలవంతంగా కట్టేశాక కూడా నమ్మాలా వద్దా అనేది వాళ్ల ఇష్టమే కదా అత్తా" అంది. అందులో కొంత న్యాయం ఉంది. చివర్లో వచ్చే ఒక మరణం మాత్రం నన్ను నిజంగా కుదిపింది. అంతకుముందు కాలేజీలో పిల్లలు రోజూ చచ్చిపోతూనే ఉంటారు, ఆ పేర్లు ఒక్కటీ గుర్తుండవు. ఆ ఒక్కడి పేరు గుర్తుంది.

తర్వాత సారా జె. మాస్ 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్', 2015 నాటిది. తండ్రినీ ఇద్దరు అక్కల్నీ పోషించడానికి అడవిలో వేటాడే ఫేరా ఒక తోడేలుని చంపుతుంది. అది తోడేలు కాదు, దివ్యజాతి వాడు. ఆ ప్రాణానికి బదులుగా ఆమె వాళ్ల లోకానికి వెళ్లి ఉండాలి. ఎత్తుగడ అద్భుతం. మధ్యలో తోటలు, విందులు, చిత్రలేఖనంతో నూరు పేజీలు నెమ్మదిగా సాగుతాయి, నేను వేగంగా తిప్పేశాను. చివర్లో మూడు పరీక్షలు వస్తాయి. రెండో పరీక్షలో గోడ మీద రాసిన ప్రశ్న చదివి సరైన మీట లాగాలి. ఫేరాకి చదువు రాదు. పేదరికం ఆమె నుంచి ఏం తీసుకుందో ఆ ఒక్క చోట కళ్లకి కడుతుంది. కత్తితో చేసే పోరాటాలు పది రాసినా ఆ బలం రాదు. అదే పుస్తకంలో పొడుపుకథ ఒకటి ఉంది, విప్పితే అందరూ బయటపడతారు. దాని జవాబు నాకు వినగానే తట్టింది, ఫేరాకి చావు అంచుదాకా తట్టలేదు. తెలివైన అమ్మాయిని అంతసేపు తెలియనిదానిలా ఉంచడం నాకు కోపం తెప్పించింది.

ఈ రెండింటి తోవలోనే వచ్చిన ఇంకో రొమాంటసీ మొదలుపెట్టి వదిలేశాను. అందులో రాణి ఎంత మంత్రం వేసినా అలిసిపోదు, ప్రేమికుడు ఎంత తప్పు చేసినా ఒక్క ముద్దుతో సరిపోతుంది. నేను అందులో ఉండలేకపోయాను.

మనసంతా పట్టేసింది నయోమీ నోవిక్ 'అప్‌రూటెడ్'. ఇదీ 2015లోనే వచ్చింది, నెబ్యులా పురస్కారం అందుకుంది. పోలిష్ జానపద కథల నేల మీద మొలిచిన నవల. లోయలో ఊళ్లు, పక్కనే మనుషుల్ని మింగే అడవి. ఆ అడవి నుంచి ఊళ్లని కాపాడే మాంత్రికుడు పదేళ్లకోసారి ఒక అమ్మాయిని తన బురుజుకి తీసుకెళతాడు. అందరూ అందగత్తె, ధైర్యవంతురాలు అయిన కాషానే తీసుకెళతాడనుకుంటారు. ఆమె స్నేహితురాలు, ఎప్పుడూ మురికి అంటించుకుని తిరిగే అగ్నియెష్కాని తీసుకెళతాడు.

కాషా తల్లి గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను. కూతురు ఎలాగూ పోయేదే అనుకుని చిన్నప్పటినుంచీ గట్టిగా పెంచింది, గుండెకి మాత్రం హత్తుకోలేదు. తీరా చూస్తే ఆ పిల్లని ఎవరూ తీసుకెళ్లలేదు. ఆ తర్వాత అడవి కాషాని పట్టుకుంటుంది, ఆ విషం వదిలించడానికి అగ్నియెష్కా, మాంత్రికుడు కలిసి పెద్ద మంత్రం చదువుతారు. అది నిజాన్ని చూపించే మంత్రం. ఆ వెలుగులో స్నేహితురాళ్లిద్దరూ ఒకరి లోపల ఒకరు దాచుకున్నది చూస్తారు. నువ్వు క్షేమంగా ఉంటావు, నేను పోతాను అని కాషాకి ఇన్నేళ్లూ అగ్నియెష్కా మీద కక్ష ఉంది. అగ్నియెష్కాకి కాషా మీద అసూయ ఉంది. అంతా బయటపడ్డాక కూడా ఒకరి చెయ్యి ఒకరు వదలరు. ఇన్ని ప్రేమకథలు చదివాను, ఇంత నిజమైన ప్రేమ ఘట్టం ఈ ఇద్దరు ఆడపిల్లల స్నేహంలో దొరికింది. మంత్రానికి వెల అంటే నేను అనుకునేది ఇదే. ఒంట్లో శక్తి తగ్గడం చిన్న విషయం, అబద్ధం మీద నిలబెట్టుకున్న శాంతి పోవడం పెద్ద విషయం.

ఇంత ఇష్టపడ్డ పుస్తకంలో మాంత్రికుడితో ప్రేమ మాత్రం నాకు సమ్మతం కాలేదు. అతనికి నూరేళ్లు దాటాయి, ఆమెకి పదిహేడు. అతను నోరు తెరిస్తే తిట్టే. ఇద్దరి మంత్రాలూ కలిసి గులాబీ తీగై గదంతా అల్లుకునే చోట వాళ్ల దగ్గరితనం నమ్మించేలా ఉంది, అది కాదనను. అయినా మా ఇంటి పిల్ల అలాంటి మాటలు పడుతూ ప్రేమిస్తున్నానంటే నేను ఊరుకుంటానా? ఈ మాట ఫోన్‌లో అంటే అటునుంచి చాలాసేపు వాదన. ఇద్దరం వెనక్కి తగ్గలేదు.

అదే రచయిత్రి 2018లో రాసిన 'స్పిన్నింగ్ సిల్వర్' ఇంకా గట్టి పుస్తకం అంటాను. మిర్యెమ్ యూదు వడ్డీవ్యాపారి కూతురు. తండ్రి మెతకమనిషి, ఇచ్చినది అడగలేడు. ఇంట్లో పొయ్యి వెలగదు, ఊళ్లో వాళ్లు ఆయన డబ్బుతోనే పండుగ చేసుకుంటారు. చలికాలంలో తల్లి దగ్గుతో పడుకుంటే మిర్యెమ్ బుట్ట పట్టుకుని ఇంటింటికీ వెళ్లి బాకీ వసూలు చేస్తుంది. వెండిని బంగారం చేయగలనని ఆమె అన్న గొప్పమాట మంచుజాతి రాజు చెవిన పడుతుంది. ఆ జాతిలో ఊరికే ఇవ్వడం, ఊరికే తీసుకోవడం ఉండవు. ప్రతిదానికీ బదులు తీరాల్సిందే. లెక్క తెలిసిన పిల్లకీ, మాట తప్పడం తెలియని రాజుకీ మధ్య ప్రేమ మాటల్లో దాదాపు కనపడదు, బేరాల్లో పెరుగుతుంది. చేతులు పట్టుకునే సీన్లు కావాలనుకునేవాళ్లకి ఇది చప్పగా ఉండొచ్చు. నాకు ఈ పొదుపే నచ్చింది. ఒక ఇబ్బంది ఏమిటంటే, కథ చెప్పేవాళ్లు చాలామంది, ఎవరు చెబుతున్నారో పేరు వేయకుండానే గొంతులు మారిపోతుంటాయి. ఒక్కోసారి పేరా మధ్యలోకి వచ్చాకగానీ ఇది వాండా, ఇది ఇరీనా అని తెలియదు.

డయానా విన్ జోన్స్ 'హౌల్స్ మూవింగ్ క్యాజిల్' 1986 నాటిది. పిల్లల పుస్తకం అంటారు, నలభై దాటినవాళ్లు చదివి తీరాలి. టోపీలు కుట్టుకునే సోఫీని ఒక మంత్రగత్తె ముసలమ్మని చేస్తుంది. ముసలితనం వచ్చాకే ఆమెకి నోరొస్తుంది, భయం పోతుంది. ఆ శాపం తీసెయ్యాలని మాంత్రికుడు హౌల్ ఎంత చూసినా వీలుపడదు, ఈ వేషం ఆమెకే ఇష్టంగా ఉందేమో అనుకుంటాడు. ప్రేమించే మనిషి అంతదాకా గమనించడం నాకు చాలా నచ్చింది.

మంత్రం బొత్తిగా లేని ప్రేమకథల్లో జేన్ ఆస్టిన్ 'పర్స్యుయేషన్' మళ్లీ చదివాను. ఆమె పోయాక 1817 చివర్లో వచ్చిన నవల. పెద్దవాళ్ల మాట విని పెళ్లి కాదనుకున్న ఆన్‌కి ఎనిమిదేళ్ల తర్వాత అదే మనిషి ఎదురవుతాడు. వాళ్లు కట్టిన వెల ఆ ఎనిమిదేళ్లే, ఏ మంత్రమూ వాటిని తిరిగివ్వదు. ఆ వెంటనే మన 'సెక్రటరీ' తీశాను. యద్దనపూడి నాయకులు ఆరడుగుల అందగాళ్లు, కారుల్లో తిరిగేవాళ్లు అని తేలిగ్గా అనేస్తుంటారు. జయంతి ఆత్మాభిమానం దగ్గర నేను ఆ మాట ఒప్పుకోను. ఉద్యోగం చేసే ఆడపిల్లకి తలెత్తుకుని తిరగడం ఎంత ఖరీదైన పనో ఆ కాలంలోనే రాసిన పుస్తకం అది. అపార్థాలు ఒకదాని మీద ఒకటి పేర్చి కథని సాగదీసిన చోట్లు ఉన్నాయి. ఇద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయేవి ఇన్ని పేజీలు ఎందుకు అని ఇప్పుడు విసుగొచ్చింది.

ఇవన్నీ అయ్యాక మన 'కళాపూర్ణోదయం' చేతిలోకి తీసుకున్నాను. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన ఎనిమిది ఆశ్వాసాల ప్రబంధం. మాయ, ప్రేమ రెండూ విడదీయలేనంతగా కలిసిన కథ మనకి అప్పుడే ఉంది. పద్యాలు నెమ్మదిగా, తాత్పర్యం పక్కన పెట్టుకుని చదివాను. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం 'ద సౌండ్ ఆఫ్ ద కిస్' 2002లో వచ్చింది, దాన్ని మా అమ్మాయి తెప్పించుకుంది. కళాభాషిణి అనే అమ్మాయి రంభ ప్రియుడైన నలకూబరుణ్ని కోరుకుని రంభ రూపం ధరిస్తుంది. మణికంధరుడనే గంధర్వుడు రంభ కోసం నలకూబరుడి రూపం ధరిస్తాడు. ఇద్దరూ వేషాలే, ఎదుటివాళ్లదీ వేషమని ఇద్దరికీ తెలియదు. ఇంతలో అసలు రంభ వచ్చి నిలబడుతుంది. ఆ వాదులాట చదువుతుంటే ఇప్పటి రచయితలు ఎవరూ ఈ ముడి వేయలేదే అనిపించింది. కోరుకున్న మనిషి కోసం తన ముఖమే వదులుకోవాల్సి వస్తే, ప్రేమ అందింది ఎవరికి? వర్ణనలు కొన్ని బరువే. వాటి దగ్గర తొందరపడకుండా రోజుకి కొన్ని పద్యాలే పెట్టుకున్నాను.

కళాభాషిణి ఆ వేషానికి వెల ఇంకో జన్మదాకా మోస్తుంది. "ఇది అన్యాయం అత్తా, కోరిక ఇద్దరిదీ అయితే ఆ పిల్లకే ఎక్కువ ఎందుకు పడింది?" అని మా అమ్మాయి గట్టిగా అడిగింది. మణికంధరుడూ కట్టాడని నేను అన్నాను. చాలదంటుంది. వచ్చే ఆదివారానికి ఇద్దరం ఆ ఆశ్వాసం మొదటినుంచి మళ్లీ చదవాలి.