రిపోర్టులన్నీ నార్మల్, కడుపు మాత్రం కాదు

కోవిడ్ వచ్చినప్పుడు జ్వరం, దగ్గు తొందరగానే తగ్గాయి. పోయిన వాసన కూడా మెల్లగా తిరిగొచ్చింది. ఇంట్లోవాళ్లంతా హమ్మయ్య అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఆ తర్వాత మొదలైంది కడుపు గొడవ. ఏం తిన్నా గంట తిరక్కుండా పొట్ట డప్పులా బిగిసిపోయేది. కొన్నాళ్లు విరేచనాలు, కొన్నాళ్లు అసలు సాఫీగా కాకపోవడం. దానికి తోడు నిస్సత్తువ. రాత్రంతా నిద్రపోయి లేచినా అప్పుడే ఏదో బరువు పని చేసి వచ్చినట్టుండేది.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది బుర్ర పనిచేయకపోవడం. నాలుగు లైన్ల మెయిల్ రాయడానికి కూర్చుంటే, మూడో లైనుకి వచ్చేసరికి మొదటి లైనులో ఏం రాశానో మళ్లీ చదువుకోవాల్సి వచ్చేది. రోజూ వాడే మాటలే నోటిదాకా వచ్చి ఆగిపోయేవి. ఎదుటివాళ్లు నా వైపు చూస్తూ నేను వాక్యం పూర్తిచేస్తానేమోనని ఎదురుచూసేవారు. దీన్ని బ్రెయిన్ ఫాగ్ అంటారని అప్పటికి నాకు తెలీదు.

రక్తపరీక్షలు, థైరాయిడ్, బి12, స్కానింగ్, ఎండోస్కోపీ అన్నీ అయ్యాయి. అన్నీ నార్మల్. "టెన్షన్ పడకండి, మీకేం లేదు" అన్నారు ఒక డాక్టర్. పుండు లేదు, గడ్డ లేదు, పెద్ద జబ్బేమీ కాదు అని తెలియడం చిన్న విషయం కాదు, ఆ మేరకు ధైర్యం వచ్చింది. కానీ "ఏం లేదు" అన్నమాట పట్టుకుని ఇంటికొచ్చాక కూడా పొట్ట అలాగే ఉబ్బుతుంటే, నాలుగు మెట్లెక్కితే కాళ్లు వణుకుతుంటే, ఇదంతా నా ఊహేనా అన్న అనుమానం మొదలవుతుంది. జబ్బు కన్నా ఆ అనుమానమే ఎక్కువ తినేసింది.

తర్వాత చూసిన గ్యాస్ట్రో డాక్టర్ రిపోర్టుల ఫైలు పక్కన పెట్టి ముందు రెండు ప్రశ్నలడిగారు. "కోవిడ్‌కి ముందు మీ కడుపు ఎలా ఉండేది? అప్పుడు యాంటీబయోటిక్స్ ఇచ్చారా?" ముందు ఏ ఇబ్బందీ లేదు. అజిత్రోమైసిన్ ఇచ్చారు. అప్పట్లో చాలామందికి ఇచ్చారు. ఆస్పత్రుల్లో చేరిన కోవిడ్ రోగులకు దానివల్ల ప్రయోజనం కనిపించలేదని బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే మందుల ట్రయల్ 2021లో తేల్చింది. ఒకవైపు వైరస్, ఇంకోవైపు మందు, రెండు దెబ్బలూ ఒకేసారి పేగుల మీద పడి ఉండొచ్చని ఆవిడ చెప్పారు.

ఇన్ఫెక్షన్ పోయాక కడుపు చాలాకాలం గాడిలో పడకపోవడం కొత్త సంగతేమీ కాదట. కెనడాలోని వాకర్టన్‌లో 2000లో తాగునీరు కలుషితమై ఎంతోమందికి విరేచనాలు పట్టుకున్నాయి. వాళ్లలో కొందరికి ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ దొరక్కుండానే కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం వేధించే సమస్య) లక్షణాలు ఉన్నాయి. కోవిడ్ వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే ఏస్2 అనే ప్రొటీన్ చిన్నపేగు గోడల్లో దండిగా ఉంటుంది. అందుకే దీన్ని ఊపిరితిత్తుల జబ్బుగా మాత్రమే చూడటం సరికాదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు చేసిన నాలుగు నెలలకు ముక్కు, గొంతు నమూనాల్లో వైరస్ జాడ లేకపోయినా దాదాపు 13 శాతం మంది మలంలో దాని ఆర్‌ఎన్ఏ (జన్యు పదార్థం) ఇంకా కనిపించింది.

నన్ను బాగా పట్టేసింది హాంకాంగ్ పరిశోధన. 106 మంది కోవిడ్ రోగులను గమనించి 2022లో ప్రచురించారు. ఆరు నెలల తర్వాత లక్షణాలేమీ మిగలనివాళ్ల పేగుల్లోని బ్యాక్టీరియా, కోవిడ్ రానివాళ్ల బ్యాక్టీరియాకి దగ్గరగా వచ్చేసింది. లాంగ్ కోవిడ్ ఉన్నవాళ్లలో, అంటే లక్షణాలు నెలల తరబడి మిగిలినవాళ్లలో, అలా రాలేదు. ముఖ్యంగా ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ లాంటి మంచి బ్యాక్టీరియా తగ్గాయి. మనం తిన్న పీచుని ఇవి బ్యూటిరేట్‌గా మారుస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన ఆహారం అదే, వాపుని అదుపులో ఉంచేదీ అదే. బ్యాక్టీరియా తగ్గడం వల్ల జబ్బు మిగిలిందా, జబ్బు వల్ల బ్యాక్టీరియా తగ్గిందా అన్నది ఆ ఒక్క అధ్యయనంతో తేలే విషయం కాదు. అయినా నా పేగుల్లో నిజంగానే ఏదో జరిగి ఉండొచ్చని, ఎండోస్కోపీ కెమెరాకి అది కనిపించదని తెలియడమే నాకు పెద్ద ఊరట.

డాక్టర్ ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. తిన్నది, తిన్న టైము, కడుపు తీరు, నిద్ర, ఆరోజు చేసిన పని. కొన్ని పేజీలు నిండాక వెనక్కి తిప్పి చూస్తే తెలిసింది: ఉబ్బరం ఎక్కువైన రోజులూ, బుర్ర మొద్దుబారిన రోజులూ ఒకటే. పైగా ఆ రెండూ ఎక్కువగా శ్రమ పడిన మర్నాడో, ఆ తర్వాతి రోజో వచ్చేవి. అప్పటిదాకా కడుపుకి ఒక డాక్టర్, నీరసానికి ఇంకొకరు, మతిమరుపుకి మరొకరు అని తిరిగిన నాకు, ఇవన్నీ ఒకే జబ్బు అని ఆ నోట్‌బుక్కే చూపించింది. 2023లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి లింకునే ప్రతిపాదించారు. పేగుల్లో మిగిలిన వైరస్ వల్ల వాపు, దానివల్ల తిండిలోని ట్రిప్టోఫాన్ అనే పోషకం సరిగా ఒంటబట్టకపోవడం, అందువల్ల దాంతో తయారయ్యే సెరటోనిన్ అనే రసాయనం తగ్గడం, చివరికి పేగుల్ని మెదడుతో కలిపే వేగస్ నరం ద్వారా జ్ఞాపకశక్తి మీద ప్రభావం. చివరి మెట్టు ఎలుకల్లో చూసింది. మన శరీరంలో సెరటోనిన్‌లో చాలా భాగం తయారయ్యేది పేగుల్లోనే కాబట్టి నాకది నమ్మదగ్గదిగానే అనిపించింది.

వైద్యం మాత్రం చాలా నిదానం. పొట్ట మెలిపెట్టకుండా ఒక మందు. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన ఫాడ్‌మ్యాప్ పద్ధతిలో గ్యాస్ చేసే కొన్ని పదార్థాలు మానేసి, మళ్లీ ఒక్కొక్కటే కలుపుకోవడం. ఎక్కువకాలం మానేస్తే మంచి బ్యాక్టీరియాకి తిండి దొరకదని ముందే హెచ్చరించారు. పీచు ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం రెట్టింపయ్యేది, అందుకే చెంచాల లెక్కన పెంచాను. ఒంట్లో బాగున్న రోజున కూడా ఓపిక ఉండగానే పని ఆపేయడం అన్నిటికంటే కష్టమైంది, అన్నిటికంటే పనికొచ్చింది.

ప్రోబయోటిక్స్ (మంచి బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూళ్లు, పొడులు) వాడమని తెలిసినవాళ్లంతా సలహా ఇచ్చారు. హాంకాంగ్‌లోనే 463 మంది మీద జరిగిన ట్రయల్‌లో, బిఫిడోబ్యాక్టీరియా కలిపిన ఒక ప్రత్యేక మిశ్రమం ఆరు నెలలు వాడినవారికి అలసట, మతిమరుపు, కడుపు ఇబ్బంది తగ్గాయి. అంతమాత్రాన దొరికిన ప్రతి క్యాప్సూలూ పనిచేస్తుందని కాదు. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ చేసిన ప్రయోగంలో, యాంటీబయోటిక్స్ తర్వాత మామూలు ప్రోబయోటిక్స్ తీసుకున్నవాళ్లకి సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఇంకా ఆలస్యమైంది. మలం పంపిస్తే మైక్రోబయోమ్ (పేగుల్లోని సూక్ష్మజీవుల) స్కోరు ఇస్తామనే కిట్లు కూడా నేను కొనలేదు. ఇంత ఉంటే ఆరోగ్యం అని అందరూ ఒప్పుకున్న కొలత ఇంకా లేనప్పుడు ఆ స్కోరుతో ఏం చేస్తాం?

ఇప్పుడు నెలలో ఎక్కువ రోజులు బాగుంటాను. మెయిల్ ఒక్కసారి చదివితే చాలు. రాత్రి ఆలస్యంగా తింటే ఇప్పటికీ పడదు, వరసగా రెండు రోజులు నిద్ర చాలకపోతే మూడోరోజు కడుపే ముందు చెబుతుంది.

నాలాగే ఇబ్బంది పడుతున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్రలోంచి లేపేసే విరేచనాలు ఉంటే అది కోవిడ్ తాలూకు మిగులే అని సరిపెట్టుకోకండి, వెంటనే చూపించుకోండి. నాకు అవేవీ లేవని తేల్చుకున్నాకే మా డాక్టర్ మిగతా వైద్యం మొదలుపెట్టారు.