రాటన్ కొండల్లో పెన్సిల్ లెక్కలు

డాలస్ నుంచి 287 హైవే పట్టుకుని అమరిల్లో, అక్కణ్ణించి డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా న్యూమెక్సికోలోని రాటన్. తొమ్మిది గంటల పైనే పట్టింది. దారి సంగతి వెళ్ళినవాళ్ళకి తెలుసు. డాల్‌హార్ట్ దగ్గర పశువుల ఫీడ్‌లాట్ల వాసనకి అద్దాలు ఎత్తేసుకోవాలి, అది దాటాక అన్నం మాట మర్చిపోవాలి. అక్క కట్టిచ్చిన పులిహోర క్లేటన్ దాకానే వచ్చింది. రాటన్‌లో మోటెల్‌వాళ్ళు వారాంతం పేరు చెప్పి రెట్టింపు రేటు గుంజారు. పొద్దున కాఫీకి కూడా దిక్కులేదు. ఒళ్ళు మండింది.

మేం వెళ్ళింది విటింగ్టన్ సెంటర్‌కి. 1973లో పెట్టిన షూటింగ్ రేంజి, 33 వేల ఎకరాలు. ఊళ్ళో మేం వెళ్ళే రేంజిలో వంద గజాలు దాటి కాల్చడానికి లేదు. వెయ్యి గజాలు కాల్చాలని బావకి ఎప్పట్నుంచో కోరిక. రైఫిల్ బావది, .308 సైజు తూటాలది. స్పాటింగ్ స్కోప్‌లో, అంటే బుల్లెట్ ఎక్కడ తగిలిందో చూపించే దుర్భిణిలో, చూసి రాసేపని నాది.

రాటన్ ప్రాంతం 6,600 అడుగుల ఎత్తు. గాలి పల్చన, బుల్లెట్‌కి అడ్డు తక్కువ. డాలస్ లెక్కతో ఇక్కడ వెయ్యి గజాలు కాలిస్తే బుల్లెట్ నాలుగైదు అడుగుల దాకా పైనుంచి పోతుంది. అందుకే బావ, బుల్లెట్ ఎంత కిందికి దిగుతుందో లెక్కకట్టే ఫోన్ యాప్‌లో ఎత్తు, గాలి పీడనం, టెంపరేచర్ అన్నీ సరిచేసుకున్నాడు. మూడొందల గజాల దగ్గర లెక్క అచ్చుగుద్దినట్టు కుదిరింది. వెయ్యి గజాలకి వెళ్ళేసరికి ప్రతి షాటూ అడుగున్నర కిందికి. బావ గురి సరిచేసే రైఫిల్ స్కోప్ నాబ్ మీద చెయ్యి వేశాడో లేదో, పక్క బెంచీ పెద్దాయన "ఆగండి, ముందు రాసుకోండి" అన్నాడు.

కొలరాడో ఆయనట. డెబ్భై దాటి ఉంటాయి. ముందర ఆకుపచ్చ అట్ట పుస్తకం, రబ్బరు బ్యాండుతో కట్టిన పెన్సిల్. తడిసినా చెరగదని పెన్సిలే వాడతాడట. తీసి చూపించాడు. ఒక్కో పేజీలో తేదీ, వేళ, టెంపరేచర్, పీడనం, వెలుతురు ఎటునుంచి, గాలి ఎటు ఎంత, స్కోప్ మీద ఎంత తిప్పాడు. చల్లారిన బారెల్‌తో కాల్చిన మొదటి షాట్‌కి వేరే పేజీలు. టార్గెట్ బొమ్మలో ప్రతి షాట్‌కీ రెండు గుర్తులు: తుపాకీ పేలిన క్షణంలో క్రాస్‌హెయిర్ (స్కోప్‌లో కనిపించే అడ్డగీతల గుర్తు) ఎక్కడుందో అది ఒక గీత, బుల్లెట్ నిజంగా తగిలింది ఒక చుక్క. గీత ముందే గీసెయ్యాలి, స్కోప్‌లో చూశాక కాదు. రెండూ ఒకచోటే పడి మధ్య తప్పితే చెయ్యి కదిలినట్టు. రెండూ దూరంగా పడితే, గాలి మారి ఉండాలి, లేదా లెక్కలో తేడా ఉండాలి.

మా నాన్న కాలువ లాకుల దగ్గర నీటిమట్టం పుస్తకం ఇలాగే రాసేవాడు. నిన్నటి అంకే ఇవాళ్టిదీ అయినా సరే, మెట్లు దిగి స్కేలు చూసిగానీ రాసేవాడు కాదు. ఆ పెద్దాయన పేజీలు చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

ఆయన చెప్పినట్టే బావ అయిదు షాట్లు కాల్చాడు, నేను గుర్తులు పెట్టాను. గీతలన్నీ మధ్యలో, చుక్కలన్నీ కింద. "మరి స్కోప్ తిప్పినంతా తిరుగుతోందా?" అన్నాడాయన. వంద గజాల దగ్గర పొడుగు కాగితం కట్టి, స్కోప్‌ని 30 మినిట్లు (ఇవి టైము కాదు, కోణం కొలత) తిప్పి కాలిస్తే 31.4 అంగుళాలు పైకి రావాలి. టేపు పెట్టి కొలిచాం, వచ్చింది. ఇక మిగిలింది వేగం. యాప్‌లో బావ పెట్టింది తూటాల డబ్బా మీద రాసిన, సెకనుకి 2,600 అడుగులు. ఆ అంకె 24 అంగుళాల బారెల్‌ది, బావది 20. బారెల్ తగ్గితే వేగం తగ్గుతుంది. సెకనుకి పాతిక అడుగుల తేడా మూడొందల గజాల దగ్గర కంటికి ఆనదు. వెయ్యి దగ్గర మాత్రం అదే పది అంగుళాల దాకా వస్తుంది.

పెద్దాయన దగ్గర క్రోనోగ్రాఫ్, అంటే బుల్లెట్ వేగం కొలిచే యంత్రం, ఉంది. కొలిస్తే సగటు 2,545. అది పెడితే యాప్ లెక్క చుక్కల మీదికొచ్చింది. బావ ఎగిరి గంతేశాడు. పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. ఒక దూరంలో సరిచేసిన లెక్కని ఇంకో దూరంలో పరీక్షించాలన్నాడు. ఎనిమిదొందల దగ్గర కాల్పించాడు, కుదిరింది. అప్పుడు వెళ్ళాం 1,123 గజాల దూరంలో పెట్టిన తెల్ల దున్నని కాల్చడానికి. ఇనుప రేకుతో కోసిన అడవిదున్న బొమ్మ అది, ఆ రేంజికి పేరు తెచ్చింది అదే. బావ కాల్చాక దాదాపు అయిదు సెకన్లు. "టంగ్" మని చిన్న చప్పుడు. నేను గుర్తు పెట్టాకే కేక వేశాను.

పదకొండు దాటాక గాలి లేచింది, అక్కడితో ఆపేశాం. సాయంత్రం సంగతులేవీ చెప్పుకోదగ్గవి కావు.

ఇప్పుడు మా పుస్తకంలో ఎండాకాలం పేజీలే ఉన్నాయి. చలికి తూటాలోని మందు మండే తీరు మారుతుంది, వేగం పడుతుంది, కాబట్టి 2,545 జనవరిలో చెల్లదు. డిసెంబరు సెలవులకి మళ్ళీ బయల్దేరుతున్నాం. మోటెల్ మాత్రం ఈసారి ఇప్పుడే బుక్ చేశాం, అదీ వారం మధ్యలో.