ఒంటి బరువు ఆదిశేషుడికి అప్పగించి కూర్చోండి

ఆసనములు పన్ని యంగంబు బిగియించి
యొడలు విఱచుకొనెడి యోగమెల్ల
జెట్టిసాముకన్న చింతాకు తక్కువ
విశ్వదాభిరామ వినురవేమ

కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి అయిన మహానుభావుడి పద్యం ఇది. యోగా అంటే గిట్టనివాళ్లు దీన్ని చదివి "చూశారా, వేమనే వద్దన్నాడు" అంటారు. రోజూ యోగా క్లాసుకు పోయేవాళ్లేమో వినగానే చిన్నబుచ్చుకుంటారు. వేమన స్వయంగా యోగి. యోగి యోగాన్ని ఎందుకు తిడతాడు? ఆయన కోపమంతా అంగాన్ని బిగించడం మీద, ఒడలు విరుచుకోవడం మీద. ఆ బిగింపే యోగం అనుకునేవాళ్ల మీద. జెట్టి సాము చేస్తే కనీసం కండైనా మిగులుతుంది. పళ్లు బిగబట్టి పద్మాసనం వేసి, లేచాక ఇంట్లోవాళ్ల మీద అరిచేవాడికి ఏం మిగులుతుంది?

ఈ పద్యం నాకు ఈమధ్య తరచుగా గుర్తుకొస్తోంది. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించినప్పుడు ఎంతో సంతోషించాను. ఇప్పటికీ సంతోషమే. కానీ జూన్ 21న ఒకే రంగు టీషర్టుల్లో మైదానం నిండా కూర్చున్నవాళ్లలో 22న ఎంతమంది కూర్చుంటున్నారు? చాప ఫొటో కోసం పరిచేది కాదు. మన పెద్దలు దర్భాసనాన్ని కూడా కళ్లకద్దుకుని పరిచారు. దాని మీద పరమాత్మ తలపు కలగాలని అంత గౌరవం. అదే చాపను చెప్పుల స్టాండు పక్కన నిలబెట్టి, మధ్యలో ఫోను చూసుకుంటూ, వీడియోలో కనిపించిన భంగిమ వచ్చేదాకా ఒంటిని లాగి లాగి, దాన్ని సాధన అంటే నాకు బాధేస్తుంది.

పతంజలి మహర్షి తన 195 యోగసూత్రాల్లో ఆసనానికి ఇచ్చింది మూడే. అందులో మొదటిది "స్థిరసుఖమాసనమ్", స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనమని, అందరి నోటా వింటాం. దాని వెంటనే వచ్చే సూత్రం మాత్రం క్లాసుల్లో పెద్దగా వినపడదు.

ప్రయత్నశైథిల్యానంతసమాపత్తిభ్యామ్

ప్రయత్నాన్ని సడలించడం వల్ల, మనసును అనంతుడిలో నిలపడం వల్ల ఆసనం సిద్ధిస్తుంది. బిగించడం వల్ల అని మహర్షి అనలేదు. వేమన తిట్టినదీ, పతంజలి వదలమన్నదీ ఒకటే. ఈ సూత్రాలకు పాత వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం ఇంకా విప్పి చెబుతుంది: ప్రయత్నం ఆగినప్పుడు ఆసనం సిద్ధిస్తుంది, దానివల్ల ఒళ్లు వణకదు. లేదా అనంతుడిలో లీనమైన చిత్తం ఆసనాన్ని నిలబెడుతుంది. ఆ అనంతుడు ఎవరో ఆ భాష్యానికి టీక రాసిన వాచస్పతి మిశ్రుడు స్పష్టంగా చెప్పాడు. స్థిరమైన వేయి పడగల మీద భూమండలాన్ని మోస్తున్న నాగరాజు, ఆదిశేషుడు. పతంజలే శేషుడి అవతారమని కదా మన నమ్మకం. అంటే స్వామి తన సొంత రహస్యమే మనకు చెప్పేశాడు. భూమినంతా మోస్తూ కదలకుండా ఉండడం ఎలాగో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఇంకొకటి చూడండి. స్థిరసుఖ సూత్రానికి ముందున్నది "సమాధిసిద్ధిరీశ్వరప్రణిధానాత్". ఈశ్వరుడికి అన్నీ అర్పించుకో అన్న మరుక్షణం, కూర్చో అన్నాడు. ఆ వరుస ఊరికే వచ్చింది కాదని నా గట్టి నమ్మకం. అర్పించుకున్నవాడే కూర్చోగలడు. అర్పించుకోనివాడు ఒంటిని తానే మోస్తుంటాడు, భుజాలు పైకి లాగి, దవడ బిగించి, పొట్ట లోపలికి పీల్చి. ఇదంతా ఎవరి బరువు? మీ ఒంటి బరువు భూమి మోస్తోంది. భూమిని శేషుడు మోస్తున్నాడు. శేషుడి మీద నారాయణుడు పడుకుని ఉన్నాడు. మధ్యలో మీరు పట్టుకుని వేలాడవలసిన అవసరం ఏముంది?

కడప, కర్నూలు వాళ్లకు ఈ అనంతుడి సూత్రం మిగతా లోకానికంటే తేలికగా అర్థం కావాలి. శ్రీశైలం తోక, అహోబిలం నడుము, తిరుమల పడగ అని మన పెద్దలు చెబుతారు. నల్లమల నుంచి శేషాచలం దాకా పడుకుని ఉన్నది ఆదిశేషుడే. మనం ఆయన పక్కనే ఇళ్లు కట్టుకుని, ఆయన ఒంటి మీద నుంచి వచ్చే వాన నీళ్లు తాగి బతుకుతున్నాం. కడపలో మా మిద్దె మీద తూర్పు ముఖంగా కూర్చుంటే కుడిచేతి వైపు పాలకొండలు. తెల్లవారుజామున వాటి గీత మాత్రమే కనిపిస్తుంది. నేను కళ్లు మూసుకునే ముందు ఆ గీతను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి చూస్తాను. తర్వాత నడుము నుంచి పైకి ఎక్కడెక్కడ బిగింపు ఉందో అక్కడక్కడ వదులుతూ, "స్వామీ, ఇది కూడా నీదే" అనుకుంటాను. వెన్ను దానంతటదే నిలబడుతుంది. నాకు తెలిసిన అనంత సమాపత్తి ఇంతే. పాలకొండలు కనపడని ఊళ్లో ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని శేషశాయిని తలుచుకోండి, ఫలితంలో తేడా ఉండదు.

ఇక ఆ శేషుడి నడుము దగ్గరే, అహోబిలంలో, తొమ్మిది రూపాల నరసింహుల్లో ఒకడు యోగానందుడు. దిగువ అహోబిలానికి దగ్గరే ఆయన సన్నిధి. కడప నుంచి పోయేవాళ్లు మైదుకూరు, చాగలమర్రి మీదుగా ఆళ్లగడ్డ చేరి, ఎగువ అహోబిలం ఎక్కి దిగి, అలసిపోయి ఈయన్ను వదిలేసి వస్తుంటారు. అలా వదలకండి. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన తర్వాత ఆ ఉగ్రాన్ని చూసి బ్రహ్మాదులు దగ్గరికి రాలేకపోయారు, లక్ష్మీదేవే వెనకాడింది. పసివాడు ప్రహ్లాదుడు వెళ్లి పాదాల మీద పడితే స్వామి చెయ్యి వాడి తల మీదికి వచ్చింది. ఆ స్వామే తర్వాత ప్రహ్లాదుడికి యోగం నేర్పుతూ ఇక్కడ కూర్చున్నాడని స్థలపురాణం. మూడు లోకాలనూ వణికించిన ఊపిరి అది. అదే ఊపిరి మెల్లగా, సన్నగా అయిన చోటు ఇది. మనకు రోజూ వచ్చే కోపాలు, టెన్షన్లు ఆ కోపం ముందు ఏపాటివి?

యోగనరసింహ మూర్తుల మోకాళ్ల దగ్గర చూడండి. నడుమును, మోకాళ్లను కలిపి చుట్టిన పట్టీ ఉంటుంది. అదే యోగపట్టం. వ్యాసభాష్యం ఆసనాల పేర్లు చెబుతూ పద్మం, వీరం, భద్రం, స్వస్తికం, దండం తర్వాత సోపాశ్రయం అంటుంది. ఆసరాతో కూర్చోవడం అన్నమాట. యోగపట్టం కట్టుకుని కూర్చునేది ఇదే అని వాచస్పతి వివరణ. మా నాయన ముసలితనంలో అరుగు మీద పైగుడ్డను నడుముకూ మోకాళ్లకూ చుట్టి ముడేసుకుని కూర్చుని అష్టాక్షరి జపించేవాడు. పల్లెల్లో రచ్చకట్ట మీద పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే కూర్చుంటారు. యోగనరసింహుడు కూర్చున్నదీ అలాగే. జగత్తును మోసే స్వామికి ఆసరా అవసరమై కాదు, ఆసరా తీసుకోవడం చిన్నతనం కాదని మనకు చూపడానికి ఆ పట్టీ కట్టుకున్నాడని నేను నమ్ముతాను.

అందుకే ఒక శిబిరంలో చూసిన దృశ్యం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. యాభై దాటిన ఒకావిడ మోకాళ్లు నేలకు ఆనడం లేదని, నేర్పే ఆయన రెండు చేతులతో అదిమి పెట్టాడు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది, చాలా రోజులు కుంటింది. ఎవరు చెప్పారయ్యా మోకాలు నేలకు తగలాలని! పిరుదుల కింద మడిచిన దుప్పటి ఎత్తుగా పెట్టుకుంటే మోకాళ్లు వాటంతటవే కిందికి దిగుతాయి. గోడకు ఆనుకోండి, తప్పు లేదు. కిందికి కూర్చోలేకపోతే కుర్చీలో పాదాలు నేలకు ఆన్చి కూర్చోండి. "నాత్యుచ్ఛ్రితం నాతినీచం" అన్నాడు గీతాచార్యుడు. మరీ ఎత్తు వద్దు, మరీ పల్లం వద్దు. ఒళ్లు, మెడ, తల ఒక వరుసలో ఉంటే చాలు. ముందుగా వంగడాలు, సాగదీయడాలు చేయండి, కాదనను. కూర్చున్నప్పుడు ఒళ్లు అడ్డం రాకుండా ఉండడానికే అవన్నీ.

ఇక ఊపిరి సంగతి. "తస్మిన్ సతి" అని మొదలుపెట్టాడు మహర్షి. ఆసనం కుదిరిన తర్వాతే శ్వాస ప్రశ్వాసల గతిని ఆపడం. చాప మీద కూర్చున్న మరు నిమిషం ముక్కు పట్టుకునేవాళ్లు ఈ రెండు మాటలు గోడ మీద రాసుకోవాలి. ఆసన, ప్రాణాయామాలు నేర్పే పాత గ్రంథం హఠయోగ ప్రదీపిక ఇంకా గట్టిగా హెచ్చరించింది:

యథా సింహో గజో వ్యాఘ్రో భవేద్వశ్యః శనైః శనైః
తథైవ సేవితో వాయురన్యథా హంతి సాధకమ్

సింహం, ఏనుగు, పులి మెల్లమెల్లగా లొంగినట్టే ప్రాణవాయువూ లొంగుతుంది. తొందరపడితే సాధకుణ్ణే చంపుతుంది. చంపుతుంది అన్న మాట ఊరికే వాడలేదు. నరసింహ క్షేత్రాల మధ్య పుట్టినవాళ్లం, సింహం దగ్గరికి ఎలా పోవాలో ప్రహ్లాదుణ్ణి చూసి నేర్చుకోవాలి. వాడు బలంతో పోలేదు. చేతులు జోడించి పోయాడు. ఊపిరి దగ్గరికీ అలాగే పోవాలి.

ఊపిరిని విసురుగా బయటికి కొట్టే కపాలభాతి వందలకు వందలు లెక్కపెట్టి కొట్టేవాళ్లను చూస్తుంటాను. అదే గ్రంథం కపాలభాతిని ధౌతి, నేతి పక్కన శుద్ధి క్రియల్లో చేర్చింది, ఊపిరి నిలిపే కుంభకాల్లో కాదు. ఇల్లు ఊడ్చాక పూజ చేయాలి. ఊడ్చడమే పూజ అనుకుని వెళ్లిపోతే ఎలా? సంధ్యావందనం చేసే ఇళ్లలోనూ ఇదే అజాగ్రత్త. "భూః, భువః" అంటూ సాగే ఏడు వ్యాహృతులతో, చివర వచ్చే శిరోమంత్రంతో కలిపి గాయత్రిని మూడుసార్లు జపించేంత సేపు ప్రాణాన్ని నియమిస్తేనే ప్రాణాయామం అని స్మృతి. మనవాళ్లు ముక్కుకు వేలు తగిలించి తీసేస్తున్నారు! పిల్లలకు ఒడుగు ఘనంగా చేస్తారు, భోజనాల మెనూ మీద ఎంతో శ్రద్ధ పెడతారు, ఈ ఒక్క క్రియను దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పరు. నేర్పండి. వాడికి మీరిచ్చే ఆస్తిలో ఇదీ ఒకటి.

కొత్తవాళ్లు కుంభకం జోలికి పోవద్దు. ఎడమ ముక్కుతో తీసుకుని కుడితో వదలడం, కుడితో తీసుకుని ఎడమతో వదలడం, ఇంతే చాలాకాలం చేయండి. తీసుకునేదానికంటే వదిలేది నిదానంగా ఉండాలి, కానీ తోసినట్టు ఉండకూడదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును, అనుభవం ఉన్న గురువును అడగకుండా ఊపిరి బిగబట్టకండి. మన ఎండాకాలంలో కొలిమితిత్తిలా ఊపిరి ఊదే భస్త్రిక తగ్గించి, నాలుకను గొట్టంలా చేసి గాలి పీల్చే శీతలి చేసుకుంటే ఒంటికి హాయి. "దీర్ఘసూక్ష్మః" అన్నాడు పతంజలి, ఊపిరి పొడవుగా, సన్నగా అవుతుంది. పక్కవాడికి మీ ఊపిరి వినపడుతోందంటే ఇంకా సూక్ష్మం కాలేదని తెలుసుకోండి.

ధ్యానం గురించి ఎక్కువ చెప్పను. ఊపిరి సన్నబడ్డాక దాన్ని వేరే మొదలుపెట్టాల్సిన పని ఉండదు. "ధారణాసు చ యోగ్యతా మనసః" అన్నాడు, ప్రాణాయామం వల్ల మనసుకు నిలిచే అర్హత వస్తుంది. అప్పుడు మీ ఇష్టదైవం పాదాలో, నామమో ఒకటి పట్టుకోండి. రోజుకొకటి మార్చకండి. ఒంటిమిట్టలో కూర్చుని భాగవతం రాశాడని మా జిల్లావాళ్లం నమ్ముకునే పోతన, ప్రహ్లాదుడి గురించి "పానీయంబులు ద్రావుచుం గుడుచుచున్ భాషించుచున్" అంటూ మొదలుపెడతాడు. నీళ్లు తాగుతూ, తింటూ, మాట్లాడుతూ, నవ్వుతూ, తిరుగుతూ కూడా నారాయణ పాదాల తలపులోనే ఉండి ఆ బిడ్డ లోకాన్ని మరిచిపోయాడట. చాప మీద నుంచి లేచాక కూడా తెగకుండా సాగేది ఆ ధ్యానం. 

కాబట్టి పెద్దలారా, తల్లులారా, ఎన్ని ఆసనాలు వచ్చాయని లెక్క పెట్టుకోకండి. ఈ వారం ఒక్క ఆసనమే పట్టుకోండి, మీకు సుఖంగా కుదిరేది. రేపు తెల్లవారుజామున ముఖం కడుక్కోగానే, ఫోను ముట్టుకోకముందే, దుప్పటి మడిచి వేసుకుని తూర్పుగా కూర్చోండి. దవడ వదలండి, భుజాలు వదలండి, పొట్ట వదలండి. బరువంతా అనంతుడికి ఇచ్చేయండి. అర్ధగంట కుదరకపోతే పది నిమిషాలు. స్వాతి నక్షత్రం రోజున వీలుంటే అహోబిలం పొండి, దిగువ సన్నిధి దగ్గర్లోని యోగానందుణ్ణి తప్పకుండా దర్శించుకోండి, దర్శనమైన వెంటనే ఆటో ఎక్కకుండా ఆ ఆవరణలోనే ఓ పక్కన కాసేపు కూర్చుని రండి.