మక్క ప్యాలాల బతుకమ్మ: గులాబీ రంగు మాత్రం నిలవట్లేదు

పూలకు బదులు మక్క ప్యాలాలకు (పాప్‌కార్న్) రంగులేసి పిల్లలతో బతుకమ్మ చేస్తున్నాం. పసుపు వరుస అదిరింది! నూనెలో పావు స్పూన్ పసుపు వేసి పేలిస్తే అచ్చం తంగేడు రంగు. గునుగు పూలకు తెల్ల ప్యాలాలే సరిపోయాయి. పాత క్యాలెండర్ అట్టను గోపురంలా చుట్టి ఇస్తే పిల్లలు ఫెవికాల్ చుక్కలతో చకచకా అంటించేశారు. మధ్యలో గులాబీ వరుస కావాలని మా పాప పట్టు, పని అక్కడే ఆగింది.

మొదట 100 మి.లీ. నీళ్లలో పావు స్పూన్ తినే రంగు కలిపి ముంచాం. మూడు సెకన్లు కూడా కాలేదు, ప్యాలం సగానికి ముడుచుకుపోయింది, ఆరాక తోలులా సాగుతోంది. సరే, తడి తగ్గిద్దామని స్ప్రే బాటిల్‌తో అడుగు దూరం నుంచి కొట్టి ఫ్యాన్ కింద రెండు గంటలు ఆరబెట్టాం, చుక్క పడిన చోటల్లా గుంట. పొడి రంగే కవర్లో వేసి ఊపితే మడతల్లో ఇరుక్కుంది తప్ప పైన అంటలేదు, చేతులు మాత్రం ఎర్రబడ్డాయి. పసుపులాగే నూనెలో వేసి పేలిస్తే అడుగున నలుసుల్లా మిగిలింది.

నాకు తోచింది ఏంటంటే, గింజ లోపలి నీరు 180 డిగ్రీల దగ్గర ఆవిరై పేలినప్పుడు పిండి నురగలా ఉబ్బి గట్టిపడుతుంది కదా, మళ్లీ నీళ్లు తగిలితే ఆ నురగ గోడలు కరిగి కూలిపోతున్నాయి. పసుపు రంగు నూనెలో కరుగుతుంది కాబట్టి పట్టింది, ఈ తినే రంగులు నీళ్లలోనే కరుగుతాయి.

అందుకే నీరు దాదాపు మిగలని ముదురు పాకంలో రంగు వేసి కలిపాను (కాగే పాకం దగ్గరికి పిల్లల్ని అస్సలు రానివ్వొద్దు). ముడుచుకోలేదు, రంగు బ్రహ్మాండం! కానీ 100 గ్రాముల చక్కెరకు లీటరు గిన్నెడు ప్యాలాలు ఉండలు కట్టేశాయి, తెల్లారేసరికి జిగురెక్కి చీమలు బారులు తీరాయి.

మసాలా పాప్‌కార్న్ ప్యాకెట్లు ఈ పనికి వద్దు, ఉప్పూ నూనే ఎక్కువై గమ్ అంటదు. కిరాణంలో విడిగా అమ్మే పాప్‌కార్న్ గింజలే నయం, 30 గ్రాములకు లీటరు గిన్నె నిండుతుంది. మన చేలల్లో పండే మామూలు మక్కలు పెనం మీద పగులుతాయే గానీ ఇలా విచ్చుకోవు. దండ గుచ్చాలంటే రాత్రంతా గాలికి వదిలేసిన మెత్తటి ప్యాలాలే బాగు, తాజావి సూది దిగగానే విరుగుతాయి. నాలుగేళ్లలోపు పిల్లలుంటే మాత్రం నోట్లో పెట్టుకోకుండా చూడాలి, గొంతుకు అడ్డం పడతాయి.

ఈసారి పాకం సగానికి తగ్గించి, వేడి మీదే వెడల్పు తాంబాళంలో విడదీస్తాను. జాఫ్రా గింజల (అన్నాటో) నారింజ రంగు నూనెలో దిగుతుందట కాబట్టి బంతిపూల వరుసకు అదే వాడతాం. ఎంగిలిపూల నాటికి మూడు వరుసలైనా నిలబడితే సద్దుల బతుకమ్మకు ఇంకాస్త ఎత్తుగా పేరుస్తాం.