రేవు లేని కందకం

నాన్నతో కలిసి జూకి బయల్దేరడం నాకు ఇది రెండోసారి. మొదటిసారి నాకు ఎనిమిదేళ్లు. నరసరావుపేట నుంచి రాత్రి బస్సులో హైదరాబాదు వచ్చి, పొద్దున్నే చుట్టాలింట్లో స్నానాలు కానిచ్చి, రెండు సిటీ బస్సులు మారి బహదూర్‌పురాలో నెహ్రూ జూలాజికల్ పార్కు ముందు దిగాం. గేటు మూసి ఉంది. ఆ రోజు సోమవారం. సోమవారాలు జూకి సెలవన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు. నాన్నకి దొరికిన సెలవు ఆ ఒక్కరోజే. నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని గోడ అవతల చెట్లు చూపించాడు. చార్మినార్ దగ్గర గాజులు కొనిపెట్టాడు. రాత్రి బస్సుకి ఇంటికి తీసుకొచ్చేశాడు. మళ్లీ వెళ్దాం, మళ్లీ వెళ్దాం అనుకుంటూనే నేను పెద్దదాన్నయిపోయాను.

అందుకే 2023లో అమ్మా నాన్నా సింగపూర్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, జూ అంటే నాకు మామూలు షికారుగా అనిపించలేదు. పదిహేను రోజుల ముందే కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అన్నిటికన్నా ముందు చూసింది సెలవు రోజు. ఇక్కడి జూకి వారంలో సెలవు లేదు, పండగలతో సహా రోజూ ఉదయం 8:30కి తెరుస్తారు. అది చదివాకే మిగతా లెక్కలు మొదలుపెట్టాను.

మొత్తం ఆరుగురం. నాన్నకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. అమ్మకి షుగరు, పన్నెండున్నరకల్లా అన్నం పడాలి. పెద్దాడికి ఐదేళ్లు, ఒక్కచోట నిలవడు. పాపకి రెండేళ్లు, ఒంటిగంటకి నిద్ర ముంచుకొస్తుంది. మా ఆయన సెలవు పెట్టగలిగేది ఒక్క బుధవారమే. జూన్‌లో ఇక్కడ స్కూళ్లకి సెలవులు, జనం విపరీతంగా ఉంటారు కాబట్టి జులై అనుకున్నాం. మూడేళ్ల లోపు పిల్లలకి టిక్కెట్టు అక్కర్లేదు. ముసలివాళ్లకి ఇచ్చే రాయితీ మాత్రం ఇక్కడి వాళ్లకే, మనలా చూడ్డానికొచ్చిన వాళ్లకి లేదు. అమ్మకీ నాన్నకీ పూర్తి టిక్కెట్లే తీసుకున్నాను.

మండాయ్ అనే ఆ అడవి ప్రాంతంలో పక్కపక్కనే చాలా ఉన్నాయి. జూ, రాత్రి పూట తిప్పే నైట్ సఫారీ, నదుల జంతువుల రివర్ వండర్స్, ఆ ఏడాది మే నెలలోనే తెరిచిన బర్డ్ ప్యారడైజ్. తెలిసినవాళ్లంతా "ఎలాగూ అంతదూరం వెళ్తున్నారు, రెండేసి కలిపి తీసుకోండి, చవక పడుతుంది" అన్నారు. నేను వినలేదు. ఇంట్లో పెద్దవాళ్లూ చంటిపిల్లలూ ఉన్నప్పుడు రోజుకి ఒక్కటే సరిపోతుంది. ఆ ఒక్కదానిలో కూడా అన్నీ చూడాలని పెట్టుకోకూడదు. నా కాగితం మీద ఐదే రాశాను: ఒరాంగుటాన్లు, తెల్ల పులులు, జిరాఫీలకి మేత పెట్టే చోటు, ఫ్రాజైల్ ఫారెస్ట్, చివర్లో పిల్లల నీళ్లాట. మధ్యలో ట్రామ్. ఎదురుగా టైములు.

మంగళవారం రాత్రి పెద్దాడు బూట్లు వేసుకునే పడుకున్నాడు. తెల్లవారుజామున ఐదింటికి కిటికీ తలుపులు దభదభా కొట్టుకుంటే లేచాను. గాలివాన. ఈ నెలల్లో ఇక్కడ ఇలాంటివి వస్తుంటాయి. రాత్రిపూట సుమత్రా దీవి వైపు పుట్టి, మలక్కా జలసంధి మీదుగా తెల్లవారేసరికి సింగపూర్ మీద పడతాయి. వీటిని సుమత్రా స్క్వాల్స్ అంటారు. వేరే రోజుల్లో అయితే దుప్పటి కప్పుకుని మళ్లీ పడుకునేదాన్ని. ఆ రోజు మాత్రం గుండెల్లో రాయి పడ్డట్టయింది. గోడ అవతల చెట్లు గుర్తొచ్చాయి. నాన్న అప్పటికే లేచి బాల్కనీ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఇది పట్టు వాన కాదమ్మా, గాలి తగ్గింది, ఎనిమిదికల్లా వెలుస్తుంది" అన్నాడు. ఊరు కాని ఊళ్లో, దేశం కాని దేశంలో మబ్బు చూసి ఎలా చెప్పాడో, ఎనిమిదింబావుకి వెలిసింది. అమ్మ ఈలోగా పులిహోర కలిపేసింది. అందరం తిని తొమ్మిదింటికి బయటపడ్డాం.

మేముండేది యిషున్‌లో. అక్కణ్ణుంచి ఖతీబ్ రైల్లో ఒక్క స్టేషనే. ఆ కాసేపట్లోనే అమ్మ మాత్ర వేసుకోవడానికి నీళ్ల సీసా మూత తీసింది. పెద్దాడు ఠక్కున చెయ్యి పట్టుకుని "అమ్మమ్మా, రైల్లో తాగకూడదు!" అన్నాడు. నిజమే, ఇక్కడి మెట్రోలో తిన్నా తాగినా 500 డాలర్ల దాకా జరిమానా. దిగాక తాగించాను. ఖతీబ్ స్టేషన్ బయట మండాయ్ బస్సు ఉంటుంది, పావుగంటలో జూ ముందు దింపుతుంది. దారికి రెండు పక్కలా తడిసిన అడవి.

గేటు తెరిచే ఉంది. నేను ఒక్క క్షణం ఆగి చూశాను. నాన్న కూడా ఆగాడు. ఇద్దరం ఏమీ అనుకోలేదు.

మోకాళ్ల కోసం చక్రాల కుర్చీ తీసుకుందామని నా ప్లాన్, ముందే ఇంట్లో చెప్పాను కూడా. గేటు దగ్గర మళ్లీ అడిగితే నాన్న మొహం చిన్నబోయింది. "నేను నడుస్తా" అని పాప స్ట్రోలర్ హ్యాండిల్ అందుకున్నాడు. అదే మంచిదైంది. దాని మీద బరువు వేసి తోసుకుంటూ రోజంతా నడిచాడు. కర్ర పట్టుకున్నట్టూ ఉంది, మనవరాల్ని తిప్పినట్టూ ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లే వాళ్లు, పిల్లలు నడవగలిగినా సరే, ఒక స్ట్రోలర్ దగ్గర ఉంచుకోండి.

నాన్న ముప్ఫై ఏళ్లకు పైగా పల్నాడులో పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశాడు. జంతువుని చూసే పద్ధతే వేరు. మేమందరం మొహం చూస్తాం, ఆయన మొదట పేడ చూస్తాడు, తర్వాత డొక్కలు, తర్వాత వెంట్రుకల నిగారింపు. ఒరాంగుటాన్ల దగ్గర మొదట అందరం నిలబడిపోయాం. కటకటాలు లేవు. మా తలల మీద కొమ్మల్లో, తాళ్ల మీద అవి కదులుతున్నాయి. ఒక తల్లి పిల్లని పొట్టకి హత్తుకుని తీరిగ్గా చెయ్యి మారుస్తూ వెళ్లింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని "మీద దూకితేనో?" అంది.

వీటికి ఈత రాదు. అందుకే చుట్టూ నీళ్లుంటే దాటి రావు. ఆ సంగతి చెబుతూ అమ్మకి 'ఆ మెంగ్' అనే ఒరాంగుటాన్ కథ చెప్పాను. సుమత్రా జాతిది అది. ఎవరో ఇంట్లో దొంగతనంగా పెంచుతుంటే 1971లో విడిపించారు. ఈ జూని 1973 జూన్ 27న తెరిచారు. తర్వాత ఏళ్ల తరబడి జూకి అదే ముఖం. వచ్చినవాళ్లు దాని పక్కన కూర్చుని టిఫిన్ తినేవారు. 2008లో పోయింది. లోపలి రెస్టారెంటుకి దాని పేరే పెట్టుకున్నారు. అమ్మ రెండు చేతులూ జోడించి "మహాతల్లి" అంది. ఈలోగా పైనున్న తల్లి ఆకుల చాటుకి వెళ్లిపోయింది. పదినిమిషాలు చూశాం, రాలేదు. పెద్దాడు గోల పెట్టాడు. నాన్న మాత్రం "మంచిదే, దాక్కోవడానికి చోటు ఉంది. మనకి కనపడకుండా ఉండే చోటు ఉంటేనే పశువు కుదురుగా ఉంటుంది" అన్నాడు.

నా కాగితం ప్రకారం తెల్ల పులుల దగ్గర పదిహేను నిమిషాలు. మేమున్నది ముప్పావుగంట.

అక్కడా ఊచలు లేవు. మనం నిలబడే చోటు, కింద నీళ్లు, అవతల గడ్డి, చెట్లు, పులి. పెద్దాడు తాతయ్య చొక్కా గుంజి "పులి ఈత కొట్టి వచ్చేస్తుందా?" అని అడిగాడు. నేను ఒరాంగుటాన్ల జవాబే చెప్పబోయాను. అంతలోనే అది తీరిగ్గా నీళ్లలోకి దిగి, మెడదాకా మునిగి, ఈత కొట్టడం మొదలుపెట్టింది. నాకు నోట మాట రాలేదు. పులికి ఈత వచ్చు, నీళ్లంటే ఇష్టం కూడా. మరి దాన్ని ఆపుతున్నదేంటి?

నాన్న మాట్లాడకుండా చాలాసేపు చూశాడు. స్ట్రోలర్ నాకిచ్చి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. వంగి ఇవతలి గోడ చూశాడు. తర్వాత మనవణ్ణి పిలిచి చెప్పాడు. "మన ఊరి చెరువులో గేదెలు ఎక్కడ దిగుతాయిరా? రేవులో. ఎక్కడ ఎక్కుతాయి? రేవులోనే. గట్టు నిటారుగా ఉన్న చోట ఎంత బలమైన గేదైనా పైకి రాలేదు, కాళ్లకి పట్టు దొరకదు. దీనికి రేవు అవతలే ఉంది. ఇవతల చూడు, నిటారు గోడ. ఎగరాలంటే కాలు తన్నుకోవాలి కదా, నీళ్లలో ఏం తన్నుకుంటుంది?"

ఈ మాట నేను చదివిన ఏ సమాచారంలోనూ ఇంత తేలిగ్గా లేదు. ఇలా కందకాలతో కటకటాలు లేని జూ కట్టడం జర్మనీలో 1907లో హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ మొదలుపెట్టాడని నాకు తెలుసు. సింగపూర్ నీటి సరఫరా బోర్డు ఛైర్మన్ ఓంగ్ స్వీ లా, రిజర్వాయరు చుట్టూ ఉన్న అడవిలో జూ పెడదామని 1969లో తలపెట్టాడనీ తెలుసు. కానీ పులిని ఆపేది నీళ్లు కాదు, రేవు లేకపోవడమని నాన్న చెబితేనే అర్థమైంది.

అక్కణ్ణుంచి మా యాత్ర మారిపోయింది. ప్రతి జంతువు దగ్గరా పెద్దాడూ వాళ్ల తాతయ్యా కలిసి అడ్డు ఏదో వెతకడం మొదలుపెట్టారు. ఒకచోట మొక్కల మధ్య సన్నటి కరెంటు తీగ నాన్నకి కనపడింది. "మన దగ్గర పందులు చేలో పడకుండా కట్టే సోలార్ తీగలాంటిదే" అన్నాడు. జిరాఫీల ముందు నీళ్లు కూడా లేవు. పొడుగు కాళ్లది నిట్టదిగుడులో అడుగు పెట్టదట. జాగ్వార్ దగ్గర మాత్రం మందపాటి అద్దం ఉంది. పెద్దాడే చెప్పాడు, "అది చెట్లెక్కుతుంది కదా తాతయ్యా, గోడ కూడా ఎక్కేస్తుంది!" నాన్న వాడి తల నిమిరిన తీరు నాకు ఇంకా కళ్లముందే ఉంది.

భోజనం లోపలే, అనుకున్న టైముకే అయింది. తర్వాత ట్రామ్ ఎక్కాం. నా మాట వినేవాళ్లయితే ట్రామ్‌ని పొద్దున్నే వాడేయకండి. తిన్నాక, ఎండ మండేటప్పుడు, కాళ్లు లాగేటప్పుడు ఎక్కండి. పాప అందులోనే నిద్రపోయింది. అమ్మ కూడా ఒక కునుకు తీసింది.

జిరాఫీలకి క్యారెట్ ముక్కలు పెట్టించే చోట ఒక కీపరు అమ్మాయి ఉంది. నాన్న నన్ను అడగమన్నాడు: "గిట్టలు పెరిగితే ఎట్లా కోస్తారు?" ఆయన సర్వీసులో ఎద్దుని ట్రెవిస్‌లో, అంటే పశువు కదలకుండా ఉంచే ఇనప గొట్టాల చట్రంలో నిలబెట్టి, తాళ్లు వేసి, నలుగురు పట్టుకుంటే గానీ గిట్ట ముట్టుకోవడం కుదిరేది కాదు. దీన్ని ఏ ట్రెవిస్‌లో పెడతారు? ఆ అమ్మాయి ప్రశ్నకి ఎంత సంతోషించిందో! ఇష్టమైన మేత చూపించి, రోజూ కాస్త కాస్త అలవాటు చేస్తే, దానంతటదే కాలు ముందుకి పెడుతుందని, కొన్ని నెలలు పడుతుందని చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. నాన్న "ఓపిక, ఓపిక" అని రెండుసార్లు అన్నాడు. తర్వాత తను చేసిన పని గురించి ఆ అమ్మాయికి చెప్పమన్నాడు. చెప్పాను. ఆమె చెయ్యి కలిపింది.

ఫ్రాజైల్ ఫారెస్ట్ అంటే పెద్ద వలగూడు. మనమే అందులోకి వెళ్తాం. రింగు తోకల లెమర్లు దారి మీదే కూర్చుంటాయి. పెద్ద గబ్బిలాలు చేతికందే ఎత్తులో తలకిందులుగా వేలాడుతూ పండు తింటాయి. అమ్మ బయటే ఉండిపోయింది. మేం తొందరగానే వచ్చేశాం. పెద్దాడి మనసంతా నీళ్లాట మీదే ఉంది. అక్కడ గంటసేపు తడిశాడు. రెండు జతల బట్టలు తెచ్చినందుకు నా కాగితానికి నేనే దండం పెట్టుకున్నాను.

ఇల్లు చేరేసరికి ఏడు. రాత్రి తొమ్మిదింటికి, మన దగ్గర ఆరున్నర, నాన్న వినుకొండలో ఉన్న తన పాత ఆసుపత్రి స్నేహితుడికి ఫోన్ చేశాడు. నేను గిన్నెలు సర్దుతూ విన్నాను. జూ ఎంత పెద్దదో, ఎన్ని జంతువులున్నాయో ఏమీ చెప్పలేదు. "ముందు నీళ్లనుకున్నా. నీళ్లు కాదు. రేవు అవతలుంది, ఇవతల లేదు. అదీ సంగతి" అంటున్నాడు. నా ప్లాన్ కాగితాన్ని తిరగేసి, దాని వెనక గడ్డి గట్టు, నీళ్లు, నిటారు గోడ గీస్తున్నాడు. అవతల మనిషికి ఆ బొమ్మ కనపడదు. గోడ ఎత్తు సరిగ్గా రాలేదని కొట్టేసి మళ్లీ గీశాడు.